బిల్లుల్లో కనిపించని నష్టం: సర్జాపుర రోడ్డు అపార్ట్‌మెంట్ సంఘం ప్రత్యేక ఆడిట్

ఈ కేసు బెంగళూరు సర్జాపుర రోడ్డు పక్కనున్న 312 ఫ్లాట్ల సముదాయానిది. 2024 జూన్‌లో జరిగిన జనరల్ బాడీ సమావేశంలో ఓనర్లు 2023-24 సంవత్సరపు లెక్కలను ఆమోదించడానికి నిరాకరించి, ప్రత్యేక ఆడిట్ జరిపించాలని తీర్మానించారు. చార్టర్డ్ అకౌంటెంటుగా ఆ పని నాకు అప్పగించారు. సంఘం అనుమతితోనే దీన్ని రాస్తున్నాను. సముదాయం పేరు, బిల్డరు పేరు, ఫెసిలిటీ కంపెనీ పేరు ఇవ్వడం లేదు. మనుషులను గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను.

నన్ను అడిగిన ప్రశ్న సూటిగానే ఉంది: మెయింటెనెన్స్ డబ్బు ఎవరైనా తిన్నారా? నివేదికలో దానికి జవాబు కొద్ది పేజీల్లోనే ముగిసింది. మిగతా పేజీలన్నీ ఏ వోచరులోనూ కనిపించని, ఓనర్లెవరూ అడగని మరో నష్టం గురించి రాయవలసి వచ్చింది. ఈ కేసులో నేర్చుకోదగినది అక్కడే ఉందని నా అభిప్రాయం.

నేపథ్యం

ఈ సముదాయానికి 2019 సెప్టెంబరులో ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (నివాసానికి అధికారులిచ్చే అనుమతి) వచ్చింది. డిసెంబరు నుంచి ఫ్లాట్లు అప్పగించడం మొదలైంది. కర్ణాటక అపార్ట్‌మెంట్ ఓనర్‌షిప్ చట్టం, 1972 కింద డీడ్ ఆఫ్ డిక్లరేషన్ (సముదాయాన్ని ఆ చట్టం కిందికి తెస్తూ ఉమ్మడి భాగాలను, వాటాలను ప్రకటించే పత్రం) రిజిస్టరైంది. దాన్ని రాయించింది బిల్డరే. ఫ్లాటు రిజిస్ట్రేషన్ నాడే ప్రతి ఓనరు దగ్గర రెండేళ్ల అడ్వాన్స్ మెయింటెనెన్సూ, కార్పస్ ఫండూ (సంఘం మూలనిధి) వసూలు చేశారు. ఆ రెండేళ్లూ నిర్వహణ చూసిన ఫెసిలిటీ కంపెనీకీ, బిల్డరు కంపెనీకీ ఇద్దరు డైరెక్టర్లు ఉమ్మడిగా ఉన్నారు. ఇది రహస్యమేమీ కాదు. కంపెనీల రిజిస్ట్రారు దగ్గరి బహిరంగ రికార్డుల్లో ఎవరైనా చూడవచ్చు, కానీ అప్పటిదాకా ఎవరూ చూడలేదు.

సంఘం నిర్వహణ చేపట్టేదాకా అత్యావశ్యక సేవలను సమంజసమైన ఛార్జీలకు అందించే బాధ్యత బిల్డరుదేనని రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) 11వ సెక్షన్ చెబుతుంది. స్థానిక చట్టం మరోలా చెప్పకపోతే, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన 30 రోజుల్లో కామన్ ఏరియాలకు సంబంధించిన పత్రాలు, ప్లాన్లు సంఘానికి అప్పగించాలని 17వ సెక్షన్ చెబుతుంది. ఇక్కడ ఆ పత్రాలు ఫెసిలిటీ కంపెనీ వాడుకునే గదిలోని ఇనుప బీరువాకు చేరాయి. 2021 చివర తొలి కమిటీ ఎన్నికై, అదే కంపెనీతో మూడేళ్ల ఒప్పందం చేసుకుంది. అప్పటికి సముదాయంలో ఏ వాల్వు ఎక్కడుందో తెలిసినవాళ్లు ఆ కంపెనీ మనుషులే కాబట్టి కమిటీకి వేరే దారి తోచలేదు. అదీ ఒక రకంగా నిజమే.

ఒప్పందంలో మూడు షరతులు ముఖ్యమైనవి. ఖర్చులన్నిటి మీద 6 శాతం సర్వీస్ ఛార్జి. గడువుకు మూడు నెలల ముందు నోటీసు ఇవ్వకపోతే మరో మూడేళ్లు దానంతటదే కొనసాగింపు. ఒప్పందం ముగిసిన ఏడాది దాకా ఆ కంపెనీ సిబ్బందిలో ఎవరినీ సంఘం నేరుగా పనిలో పెట్టుకోరాదు. రిజిస్టర్లు, ఫిర్యాదుల సమాచారం ఎవరి ఆస్తి అన్న ప్రశ్న గురించి అందులో ఒక్క ముక్కా లేదు.

కమిటీలో తొమ్మిదిమంది. అందరూ ఉద్యోగాలు చేసుకుంటూ ఉచితంగా సేవ చేస్తున్నవాళ్లే. ట్రెజరరు ఎలక్ట్రానిక్ సిటీకి వెళ్లివస్తూ దారిలోనే ఫోనులో బిల్లులు ఆమోదించేవారు. సమావేశపు ఎజెండా, మినిట్స్, బడ్జెట్ డ్రాఫ్టు, కొటేషన్ల పోలిక పట్టిక, ఆఖరికి తన కంపెనీ పనితీరు మీద నివేదిక కూడా ఫెసిలిటీ కంపెనీ తరఫున ఇక్కడుండే ఎస్టేట్ మేనేజరే తయారుచేసేవాడు. అతను చిత్తూరు వైపు మనిషి, మాటకారి, ఎవరింట్లో కుళాయి కారినా పదినిమిషాల్లో మనిషిని పంపేవాడు. ఓనర్లలో తెలుగువాళ్లే ఎక్కువ కావడంతో అందరూ అతన్ని అన్నా అనే పిలిచేవారు. ఈ మంచితనం నటన అని నేననను. అయితే జీతమిచ్చేవారి ముందుకు ఏ విషయం వెళ్లాలో జీతం తీసుకునేవారు నిర్ణయించే ఏర్పాటులో, మనిషి మంచివాడా కాదా అన్నది పెద్ద విషయం కాదు.

ప్రాక్సీల (రాలేని ఓనర్లు తమ తరఫున మరొకరికి ఓటు హక్కు ఇచ్చే ఫారాల) సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2023 వార్షిక సమావేశానికి కోరం (ఉండాల్సిన కనీస హాజరు) 104. స్వయంగా వచ్చినవారు 38 మంది. మిగతా కోరమంతా ప్రాక్సీలతో నిండింది. విదేశాల్లో ఉన్నవారు, ఫ్లాటు అద్దెకిచ్చి హైదరాబాదులో ఉంటున్నవారు సంతకం చేసిన ఫారాలను వాట్సాప్‌లో ఎస్టేట్ మేనేజరుకు పంపారు. ప్రతినిధి పేరు రాయాల్సిన గడి చాలా ఫారాల్లో ఖాళీగా వచ్చింది. నేను చూసేనాటికి ఆ గళ్లలో ఇద్దరు కమిటీ సభ్యుల పేర్లు ఒకే చేతిరాతలో ఉన్నాయి. సంఘం బైలాస్ ప్రకారం ఓట్లను ఉమ్మడి ఆస్తిలో ఒక్కో ఫ్లాటుకున్న అవిభాజ్య వాటా శాతం మీద లెక్కించాలి. చేతులెత్తించి లెక్కించారు.

డబ్బు సంగతి

నీళ్ల దగ్గర మొదలుపెట్టాను, ఎందుకంటే ఖర్చుల పట్టికలో సిబ్బంది తర్వాత పెద్ద పద్దు అదే. 2024 వేసవిలో బెంగళూరు నీళ్లకు ఎంత కటకటలాడిందో ఇక్కడున్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. మార్చిలో జిల్లా యంత్రాంగం 12,000 లీటర్ల ట్యాంకరుకు 5 కిలోమీటర్ల లోపు 1,000 రూపాయలు, 10 కిలోమీటర్ల లోపు 1,200 రూపాయలు ధర నిర్ణయించింది. ఈ సంఘం బిల్లుల్లో మాత్రం ఆ తర్వాతి వారాల్లోనూ పాత ధర 1,900 కొనసాగింది. జిల్లా యంత్రాంగం చెప్పిన ధరకు బండి దొరకడమే గగనమని కంపెనీ చెప్పింది. ఆ రోజుల్లో అది నమ్మశక్యమైన మాటే కనుక ధర మీద నేను అభ్యంతరం రాయలేదు. పరిమాణం మీద రాశాను.

గేటు దగ్గరి ట్యాంకరు రిజిస్టరులో ఏప్రిల్ నెల పేజీలన్నీ ఒకే పెన్నుతో, ఒకే ఒత్తుతో రాసి ఉన్నాయి. ఒక రోజు 6.10కి ఒక బండి, 6.20కి మరొకటి, 6.30కి ఇంకొకటి వచ్చి దించినట్టుంది. సంపు దగ్గర దించే పైపు ఒక్కటే. బాగేపల్లి వైపు నుంచి వచ్చిన ఒక డ్రైవరు, నేను తెలుగులో పలకరిస్తే తెలుగులోనే జవాబిచ్చాడు: "దించేదానికి అరగంట పడతాది సార్. పన్నెండు వేల బండి అని రాసుకుంటారు గానీ, లోపల పట్టేది పదే."

అతని మాటను కొలిచి చూశాం. సంపు లోపలి కొలత 6 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు. 12,000 లీటర్లు పడితే నీటిమట్టం 40 సెంటీమీటర్లు పెరగాలి. మోటార్లు ఆపి, బోరు నీళ్లు కట్టేసి, సెక్రటరీ గారి ఎదుటే ఒక బండి దింపిస్తే పెరిగింది 33 సెంటీమీటర్లు. అంటే 9,900 లీటర్లు.

బండ్ల సంఖ్యను సరిచూడటానికి ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి కేంద్రం) లాగ్‌బుక్ పనికొచ్చింది. ఎస్టీపీ నడిపే ఆపరేటరు వేరే సంస్థ మనిషి. కాలుష్య నియంత్రణ మండలికి చూపాలి కాబట్టి అతను రోజూ మీటరు రీడింగు రాస్తాడు, ట్యాంకరు బిల్లులతో అతనికి పనిలేదు. వాడిన నీళ్లలో దాదాపు 80 శాతం మురుగుగా ఎస్టీపీకి చేరుతుందన్నది ఇంజినీర్లు సాధారణంగా పాటించే లెక్క. రిజిస్టరు ప్రకారం రోజుకు సగటున 16 బండ్లు, బోరు నీళ్లు 20 కిలోలీటర్లు, ఫ్లష్‌కు తిరిగి వాడే శుద్ధి నీళ్లు 40 కిలోలీటర్లు. బండికి 9,900 లీటర్ల చొప్పునే లెక్కగట్టినా ఎస్టీపీకి రోజుకు దాదాపు 175 కిలోలీటర్లు రావాలి. లాగ్‌బుక్‌లో ఉన్నది 150. ఈ తేడా రోజుకు సుమారు మూడు బండ్లకు సమానం. మీటరు కచ్చితత్వం మీద వాదించే వీలుంది కనుక దీన్ని నిరూపణ అని రాయలేదు, వివరణ ఇవ్వాల్సిన తేడా అని రాశాను. ఆ వివరణ ఇంతవరకు రాలేదు.

మిగతా అంశాలు ఇలాంటి ఆడిట్లలో తరచూ కనిపించేవే. సెక్యూరిటీ గార్డులు 34 మందికి బిల్లు వేశారు, వారందరి పేరునా యజమాని వాటాగా పీఎఫ్ 12 శాతం, ఈఎస్ఐ 3.25 శాతం సంఘం నుంచి వసూలు చేశారు. పీఎఫ్ కార్యాలయానికి పంపిన నెలవారీ రిటర్నులో 27 పేర్లే ఉన్నాయి. మిగిలిన ఏడు డ్యూటీలను ఆ 27 మందిలోనే కొందరు రెండో షిఫ్టుగా చేస్తున్నారని మస్టరులో తేలింది. ఇందులో సంఘానికి జరిగిన నష్టం కంటే పదహారు గంటలు నిలబడిన మనిషికి జరిగిన నష్టమే ఎక్కువ. పైగా కాంట్రాక్టరు ఎగవేసిన బకాయిలు రేపు సంఘం మెడకే చుట్టుకోవచ్చు.

కొటేషన్లలో ఒక వివరం మాత్రం చెప్పుకోదగ్గది. ఎస్టీపీకి గాలి అందించే బ్లోయరు మరమ్మతుకు మూడు కొటేషన్లు ఉన్నాయి. రెండిటి లెటర్‌హెడ్లు వేరు, ఊరి పేర్లు వేరు, సంతకాలు వేరు. జీఎస్‌టీ నంబరులో మొదటి రెండంకెలు రాష్ట్రానివి, కర్ణాటకకైతే 29. ఆ తర్వాతి పది అక్షరాలు పాన్ నంబరు. ఈ రెండు కొటేషన్లలో ఆ పన్నెండూ ఒకటే. రెండు దుకాణాలకూ ఓనరు ఒక్కడే. ఆ పన్నెండు అక్షరాలను పక్కపక్కన పెట్టి చూసే తీరిక కమిటీలో ఎవరికీ దొరకలేదు, ఎందుకంటే వారికి అందింది కొటేషన్లు కావు, ఎస్టేట్ మేనేజరు టైపు చేసిన పోలిక పట్టిక మాత్రమే.

రాయని ఫిర్యాదు

సభ్యుల్లో ఒకరు హిందూపురంలో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైనవారు. అందరూ మాస్టారు అంటారు. ఆయన నా దగ్గరికి బిల్లులు తీసుకురాలేదు, ఫోటోలు తీసుకొచ్చారు. 2020 వానాకాలం నుంచి రెండో బేస్‌మెంటులో ఆయన పార్కింగు వెనక గోడ ప్రతి వర్షానికీ ఎలా తడుస్తోందో తేదీలతో సహా ఉన్న ఫోటోలు అవి. తొలి ఏడాది అరచేతంత మరక, నాలుగో ఏడాదికి పెచ్చులూడి లోపలి ఇనుప కడ్డీ తుప్పు కనిపిస్తోంది. "బాబూ, ప్రతిసారీ ఫిర్యాదు పెట్టాను. ప్రతిసారీ మనిషొచ్చి తుడిచాడు. ఎక్కడినుంచి వస్తోందో మాత్రం ఒక్కసారీ రాయలేదు," అన్నారు.

ఫిర్యాదుల యాప్‌లో అడ్మిన్ హక్కు కంపెనీ చేతిలో ఉంది. సమాచారం ఎక్సెల్ రూపంలో అడిగితే, వందల పేజీల పీడీఎఫ్‌గా ఇచ్చారు. వాటిని వరసగా చదువుతూ పోతే బేస్‌మెంటు తడి, పోడియం (బేస్‌మెంటు మీది పలక) జాయింటు కారడం, పైపులు వెళ్లే షాఫ్టు గోడల చెమ్మకు సంబంధించిన ఫిర్యాదులు 146 తేలాయి. వాటిలో అత్యధికం సివిల్ (నిర్మాణ సమస్యల) విభాగంలో లేవు, హౌస్‌కీపింగ్ విభాగంలో ఉన్నాయి. పరిష్కారం అన్న గడిలో "నీరు తుడవబడింది", స్థితి అన్న గడిలో "ముగిసింది". కమిటీకి నెలనెలా వెళ్లే నివేదికలో సివిల్ ఫిర్యాదులు ఎప్పుడూ రెండు మూడుకు మించలేదు, హౌస్‌కీపింగ్ ఫిర్యాదుల పరిష్కారం మాత్రం 98 శాతం చూపిస్తూ వచ్చింది. కమిటీ ఒకసారి కంపెనీని అభినందిస్తూ మినిట్స్‌లో రాసుకుంది కూడా.

రెరా చట్టం 14వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ ప్రకారం, ఫ్లాటు అప్పగించిన నాటి నుంచి ఐదేళ్ల లోపు నిర్మాణంలో గానీ, పనితనంలో గానీ, నాణ్యతలో గానీ, సేవల్లో గానీ లోపం బయటపడి బిల్డరు దృష్టికి తెస్తే, అతను 30 రోజుల్లో అదనంగా పైసా తీసుకోకుండా సరిచేయాలి, చేయకపోతే పరిహారమివ్వాలి. ఇక్కడ తొలి ఫ్లాట్లకు ఆ గడువు 2024 డిసెంబరులో ముగుస్తుంది. నేను పని మొదలుపెట్టేనాటికి మిగిలింది నెలలే. నాలుగున్నరేళ్లలో సంఘం తరఫున బిల్డరుకు వెళ్లిన లోపాల నోటీసులు సున్నా. లోపం కనిపెట్టి రాయాల్సింది ఫెసిలిటీ కంపెనీ. రాస్తే ఖర్చు పడేది తన డైరెక్టర్లే నడిపే మరో కంపెనీ మీద.

కావాలని దాచారని నేను నివేదికలో రాయలేదు. ఆ విభాగాన్ని ఎంచుకున్నది రాత్రి షిఫ్టులో ఉన్న హెల్ప్‌డెస్కు కుర్రాడు కావచ్చు. తుడవమని చెబితే పని అయిపోతుందని అనుకుని ఉండవచ్చు. అయితే ఎవరి ఉద్దేశం ఏదైనా, లోపం గురించి తెలిసినవాడికి లోపం రాస్తే నష్టం, రాయకపోతే లాభం ఉండే స్థితిలో అతన్ని కూర్చోబెట్టింది సంఘమే.

దీనికి తోడు 2023లో బేస్‌మెంటు వాటర్‌ప్రూఫింగ్ పని జరిగింది, సంఘం డబ్బుతో. జనరల్ బాడీ అనుమతి లేకుండా కమిటీ ఖర్చు చేయగల పరిమితి 50,000. బ్లాకుల వారీగా, గోడల వారీగా విడగొట్టి 11 బిల్లులు వేశారు, ఏదీ 49,000 దాటలేదు, మొత్తం 5.3 లక్షలు. ప్రతి దాని మీదా ట్రెజరరు, సెక్రటరీ సంతకాలు ఉన్నాయి. అత్యవసరం, వానలు ముంచుకొస్తున్నాయి, జనరల్ బాడీ పిలిచేదాకా ఆగలేం అని ఎస్టేట్ మేనేజరు చెప్పాడు, వారు నమ్మారు. ఆ పనికి పిలిచిన మనుషులు లోపలి వైపు నుంచి రసాయనం పూసి వెళ్లారు. మరుసటి వానకు నీళ్లు ఆ పూత పక్కనుంచి వచ్చాయి.

ఇనుప బీరువా తెరిపించినప్పుడు ఒక బాక్సు ఫైలులో, నిర్మాణ సమయంలో బేస్‌మెంటుకు వాటర్‌ప్రూఫింగ్ చేసిన కాంట్రాక్టరు బిల్డరుకు రాసిచ్చిన పదేళ్ల గ్యారంటీ పత్రం దొరికింది. 17వ సెక్షన్ ప్రకారం సంఘానికి ఎప్పుడో చేరాల్సిన ఫైలు అది. సంఘం 5.3 లక్షలు ఖర్చుపెడుతున్న రోజుల్లో ఆ పత్రం అదే గదిలో ఉంది.

నివేదిక మీద చర్చలో ఒక సభ్యుడు, ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు కదండీ అన్నారు. నేను ఒప్పుకోలేదు. ట్యాంకర్లలో ఎంత పోయినా అది లక్షల్లో తేలే లెక్క, రికవరీ అడగవచ్చు. చట్టమిచ్చిన ఐదేళ్ల హక్కు చప్పుడు లేకుండా కరిగిపోతే దానికి వోచరు ఉండదు, ఆడిటరుకు కనిపించదు, దొంగ అనదగిన మనిషీ ఉండడు.

కంపెనీ చెప్పినది

కంపెనీ ప్రాంతీయ మేనేజరు వాదనలో కొంత పస ఉందని చెప్పక తప్పదు. 6 శాతం సర్వీస్ ఛార్జికి పని ఒప్పుకున్నాం, మీరు బిల్లు మీద మూడు నెలలకు గానీ డబ్బివ్వరు, గార్డుల జీతాలు మేం ప్రతి నెలా ఇవ్వాలి, ఆ వడ్డీకే మా ఛార్జి చాలదు, అన్నారాయన. నిజమే. సంఘం ఆ కంపెనీని ఎంచుకున్నది తక్కువ శాతం చూసే. శాతం తక్కువైనప్పుడు ఆ లోటు ట్యాంకర్లలోనో, గార్డుల మస్టరులోనో పూడుతుందని ఊహించడానికి ఆడిటరు కానక్కర్లేదు. పైగా ఖర్చు మీద శాతం అంటేనే ఖర్చు పెరిగితే ఆదాయం పెరిగే ఏర్పాటు.

ఓనర్ల వైపు మరో ఒత్తిడి ఉంది. సభ్యుడి నెలసరి మెయింటెనెన్స్ 7,500 దాటి, సంఘం వార్షిక వసూళ్లు 20 లక్షలు దాటితే 18 శాతం జీఎస్‌టీ పడుతుంది. అందుకని ఏ కమిటీ అయినా 7,500 కింద ఆగిపోవడమే ఘనకార్యంగా చూస్తుంది. ఈ సంఘంలో మూడు పడకగదుల ఫ్లాటుకు 7,450 వసూలు చేస్తూ సింకింగ్ ఫండును (ముందుముందు వచ్చే పెద్ద మరమ్మతుల కోసం దాచే నిధిని) పూర్తిగా ఎత్తేశారు.

ఆ తర్వాత

2024 అక్టోబరు ప్రత్యేక జనరల్ బాడీ ఒప్పందాన్ని కొనసాగించకూడదని తీర్మానించింది. మూడు నెలల నోటీసు గడువు అప్పటికే దాటిందని కంపెనీ వాదించింది. పీఎఫ్ రిటర్నుల సంగతి ముందు పెట్టాక ఆ వాదన వదులుకుని, డిసెంబరు ఆఖరుకు వెళ్లిపోయింది. లెక్కలు రాసే పనిని ఫెసిలిటీ కంపెనీకి సంబంధం లేని వేరే అకౌంటెంటుకు ఇచ్చారు. యాప్ అడ్మిన్ హక్కు సెక్రటరీకి మారింది. సంపు ఇన్‌లెట్‌కు నీటి మీటరు పెట్టారు, ఇప్పుడు బండికి కాకుండా కిలోలీటరుకు చెల్లిస్తున్నారు. ఒకరి చేతిలో రెండుకు మించి ప్రాక్సీలు ఉండరాదని బైలాస్ సవరించారు. సివిల్ ఫిర్యాదులను మాస్టారు సహా ముగ్గురు ఓనర్లు నెలకోసారి చదువుతారు. నా సూచనల్లో సర్వీస్ ఛార్జిని శాతంగా కాక స్థిర మొత్తంగా ఇవ్వాలన్నది మాత్రం కొత్త కంపెనీ ఒప్పుకోక ఆగిపోయింది. ఆ కంపెనీ 11 శాతం అడిగింది, ఇచ్చారు. మెయింటెనెన్స్ 7,500 దాటింది. పాత కమిటీ వర్గం దీన్నే పట్టుకుని, ఆడిట్ వల్ల ఒరిగిందేమిటని ప్రతి సమావేశంలోనూ అడుగుతోంది.

బిల్డరుకు లోపాల నోటీసు 2024 నవంబరులో, స్వతంత్ర స్ట్రక్చరల్ ఇంజినీరు నివేదికతో కలిపి వెళ్లింది. పోడియం జాయింట్లు సరిచేస్తామని బిల్డరు ఒప్పుకుని, కొన్నింటికి పని చేయించాడు. బేస్‌మెంటు గోడల విషయంలో ఒప్పుకోకపోవడంతో సంఘం 2025లో కర్ణాటక రెరా అథారిటీలో ఫిర్యాదు వేసింది, అది విచారణలో ఉంది. బిల్డరు దాఖలు చేసిన జవాబులో ప్రధానమైన వాదన ఇది: సంఘం తనకు నోటీసు ఇవ్వకుండా 2023లో సొంతంగా గోడల మీద పని చేయించింది కాబట్టి, ఇప్పుడు కనిపిస్తున్న లోపం తన నిర్మాణానిదో ఆ పనిదో చెప్పలేం. దానికి ఆధారంగా జతచేసినవి ట్రెజరరు, సెక్రటరీ సంతకాలున్న ఆ 11 బిల్లులే. వాటి నకళ్లు బిల్డరుకు ఎవరిచ్చారని సంఘం వకీలు రాతపూర్వకంగా అడిగారు. జవాబు రావాల్సి ఉంది.